పురుగు చేసిన పనిని తక్కువ చేయకండి

డిజైనర్ నేరి ఆక్స్‌మన్ బృందం 2013లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో కట్టిన పట్టు గుమ్మటం (సిల్క్ పెవిలియన్) గురించి మీరు రాసిన వ్యాసం చదివి చాలా సంతోషించాను. ఒక్క మాటతో మాత్రం ఏకీభవించలేను. దాన్ని మీరు కంప్యూటర్ అద్భుతం అన్నారు. కంప్యూటర్ నడిపే యంత్రం చేసింది 26 పలకల మీద పట్టు దారంతో పలచని అల్లిక వేయడమే. మిగతాదంతా 6,500 పట్టుపురుగుల పని.

మాది హిందూపురం దగ్గర మల్బరీ వేసే కుటుంబం. పురుగు పండగానే, అంటే గూడు కట్టడానికి సిద్ధం కాగానే, ఏరి చంద్రికల్లో (గూళ్లు కట్టించే తట్టల్లో) వేస్తాం. ఆనుకోవడానికి మూల దొరికితేనే అది గూడు కడుతుంది. చదునుగా ఉన్నచోట వదిలితే గూడు కట్టకుండా పలచని పొరలా దారం పరుస్తుంది. ఆ బృందం ముందు గమనించింది ఈ సంగతినే. పురుగులు చీకటిగా, దట్టంగా ఉన్నవైపు చేరతాయని కూడా చూసి, వెలుతురు వచ్చే దిక్కును బట్టి అల్లికలో ఖాళీలు ఎక్కడ వదలాలో లెక్క వేశారు. డిజైన్ అంటే నాకు అదే, పురుగును అంత ఓపికగా చూడటం.

నన్ను ఎక్కువగా కదిలించింది వేరే విషయం. అక్కడ పురుగుల్ని చంపలేదు. పొర అల్లాక తీసి పక్కన పెడితే సీతాకోకలై గుడ్లు పెట్టాయి. మా దగ్గర అమ్మిన గూళ్లలో ప్యూపా (గూటి లోపలి పురుగు) ఆవిరికో వేడినీళ్లకో చనిపోవాల్సిందే, లేకపోతే అది సీతాకోకై గూడు చీల్చుకుని వస్తుంది, దారం తెగిపోతుంది. చిన్నప్పటి నుంచీ అది చూస్తే నాకు బాధే. హైదరాబాద్‌లో కుసుమ రాజయ్య గారు సీతాకోక గూటి నుంచి బయటికి వచ్చాకే దారం తీసి అహింసా పట్టు నేయిస్తున్నారు. ఆయన గురించి కూడా ఇలాగే వివరంగా రాయండి, తప్పకుండా చదువుతాం.