బ్యాడ్జి కూడా లైసెన్సే

2023 జనవరి 23 రాత్రి సియాటిల్‌లో రోడ్డు దాటుతున్న మన తెలుగు విద్యార్థినిని పోలీసు కారు గుద్దింది, ఆమె చనిపోయింది. గంటకు 25 మైళ్ల పరిమితి ఉన్న రోడ్డు మీద ఆ కారు 74 మైళ్ల దాకా వెళ్లిందని దర్యాప్తులో తేలింది. ఆ సెప్టెంబరులో ఒక పోలీసు బాడీ కెమెరా వీడియో బయటికొచ్చింది. ఆమె ప్రాణానికి పెద్ద విలువేం లేదని, 11,000 డాలర్ల చెక్కు రాసేస్తే సరిపోతుందని ఇంకో అధికారి ఫోన్లో నవ్వుతూ అన్న మాటలు విన్నాక మనవాళ్లు చాలామంది ఆ వారమంతా సరిగ్గా నిద్రపోలేదు. కొవ్వొత్తులు వెలిగించాం, పిటిషన్ల మీద సంతకాలు పెట్టాం.

ఆ వీడియో మన ఆందోళన వల్ల వెలుగులోకి రాలేదన్నది మనం అంతగా పట్టించుకోలేదు. పోలీసు శాఖలోనే ఒక ఉద్యోగి రోజువారీ పనిలో దాన్ని విని, మనసొప్పక పైవాళ్ల దృష్టికి తీసుకెళ్లారు. ఆ ఒక్కరు చెవులు మూసుకుని ఉంటే కథ అక్కడితో సరి. నవ్విన అధికారి ఉద్యోగం 2024 జులైలో పోయింది. కారు నడిపిన అధికారి మీద కింగ్ కౌంటీ ప్రాసిక్యూటర్ క్రిమినల్ కేసు పెట్టలేదు, 2025 జనవరిలో ఉద్యోగం మాత్రం తీసేశారు.

నన్ను ఇప్పటికీ తొలిచేది వేరే సంగతి. ఆ డ్రైవరును 2013లోనే అరిజోనాలోని టూసాన్ పోలీసు శాఖ వద్దనుకుని పంపేసిందని తర్వాత పత్రికల్లో వచ్చింది. 2019లో సియాటిల్ చేర్చుకుంది. ఇలాంటిది మొదటిసారేం కాదు. 2014లో క్లీవ్‌ల్యాండ్‌లో బొమ్మ తుపాకీతో ఆడుకుంటున్న పన్నెండేళ్ల టమీర్ రైస్‌ను కాల్చిన అధికారి ఈ ఉద్యోగానికి పనికిరాడని అంతకుముందు పనిచేసిన ఊరి పోలీసులు ఫైల్లో రాసుకున్నారు. క్లీవ్‌ల్యాండ్ వాళ్లు ఆ ఫైలు తెరిచి చూడనే లేదు. అక్కడ ఉద్యోగం పోయాక కూడా, 2022లో పెన్సిల్వేనియాలోని ఓ చిన్న ఊరు ఆయన్ని తీసుకుంది. జనం గోల చేస్తే ఆయన తప్పుకున్నాడు.

ఊరు మారక్కర్లేకుండా, పోయిన ఉద్యోగమే తిరిగొచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 2015లో అలబామాలోని మ్యాడిసన్‌లో కొడుకింటికి వచ్చిన గుజరాతీ పెద్దాయన ఉదయం నడకకు బయల్దేరాడు. ఎవరో అనుమానంతో ఫోన్ చేశారు. ఇంగ్లీషు రాని ఆయన్ని పోలీసు నేలకేసి కొడితే వెన్నెముక దెబ్బతింది. రెండుసార్లు జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది, చివరికి జడ్జి ఆ అధికారిని నిర్దోషిగా విడిచిపెట్టారు, ఆనక ఉద్యోగమూ వచ్చేసింది. వేసవిలో అమ్మానాన్నలు వచ్చినప్పుడల్లా ‘పొద్దున్నే ఒంటరిగా దూరం వెళ్లకండి’ అని మనం చెప్పే మాటలో సగం ఈ భయమే.

మనలో డాక్టర్లున్నారు, నర్సులున్నారు. ఒక ఆస్పత్రి తీసేస్తే ఇంకో ఆస్పత్రి దొరుకుతుంది. రాష్ట్ర బోర్డు లైసెన్సు లాగేసుకుంటే ఇక తెల్లకోటు విప్పాల్సిందే. పోలీసులకూ అలాంటి లైసెన్సు ఉంది, దాన్ని సర్టిఫికేషన్ అంటారు. సియాటిల్ ఉన్న మన వాషింగ్టన్ రాష్ట్రంలో అది క్రిమినల్ జస్టిస్ ట్రైనింగ్ కమిషన్ చేతిలో ఉంటుంది. పేరు వింటే ఏదో శిక్షణ కేంద్రం అనుకుంటాం, అదీ నిజమే. కానీ 2021లో వచ్చిన చట్టం దాని చేతికి కర్ర ఇచ్చింది. అంతకుముందు ఊరి శాఖ ఉద్యోగం తీసేస్తే తప్ప కమిషన్ దాదాపు కదలలేకపోయేది. ఇప్పుడు ఊరు ఊరుకున్నా కమిషన్ తానే విచారించి సర్టిఫికేషన్ సస్పెండ్ చేయొచ్చు, రద్దూ చేయొచ్చు. అధికారి రాజీనామా చేసి జారుకున్నా శాఖ దర్యాప్తు పూర్తి చేయాలి. గుట్టుగా ఒప్పందం చేసుకుని తప్పును ఫైల్లోంచి చెరిపేయడానికీ వీల్లేదు. నాకైతే చట్టం మొత్తంలో ఈ చివరి రెండే బంగారం.

2021లో చట్టం చేసేదాకా కాలిఫోర్నియాకు ఈ అధికారమే లేదు! అంత పెద్ద రాష్ట్రం.

కమిషన్ నత్తనడక నడుస్తుందని తెలుసు. పోలీసు సంఘాల అభ్యంతరమూ కొట్టిపారేసేది కాదు. క్షణాల్లో తీసుకున్న నిర్ణయానికి జీవితాంతం పనికి దూరం చేయడం చిన్న శిక్షేం కాదు. అందుకే చట్టం అధికారికి విచారణలో తన వాదన చెప్పుకునే హక్కు ఇచ్చింది, ఇవ్వాలి కూడా. నాకు పడనిది, జీతమిచ్చే ఊరే తన మనిషి తప్పును తానే తూచడం. ఆ ఊరికి మనుషుల కొరత, కోర్టు దావాల భయం, యూనియన్ ఒప్పందం, అన్నీ ఉంటాయి.

కమిషన్‌కు ఎవరైనా రాతపూర్వకంగా ఫిర్యాదు పంపొచ్చు. ఈ మాట చెబితే మిత్రులు వెంటనే ‘వీసా మీద ఉన్నాం, పోలీసులతో మనకెందుకు’ అంటారు. ఆ జంకు నాకు అర్థమవుతుంది, ఏళ్ల తరబడి నేనూ మోశాను. దాన్ని పక్కనపెట్టలేని వాళ్లు కనీసం కమిషన్ వెబ్‌సైట్‌లో విచారణకొచ్చిన కేసుల జాబితా తెరిచి చూడండి. మీ ఊరి పోలీసు శాఖ పేరు అందులో కనబడితే సిటీ కౌన్సిల్ సమావేశంలో మైకు దగ్గరికెళ్లి ఒక ప్రశ్న అడగొచ్చు.

మన సంఘం వార్షికోత్సవంలో టాక్సుల మీద గంట, ఇమ్మిగ్రేషన్ మీద రెండు గంటలు ఎప్పుడూ ఉంటాయి. ఈసారి కమిషన్ నుంచి ఒకరిని పిలిచి ఫిర్యాదు ఎలా రాయాలో చెప్పించమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. పెద్ద హాలు అక్కర్లేదు, టాక్స్ సెషన్ పక్క గది చాలు.