కొనబోయేవాడి బండపరుపు

తిరుపతిలో ఇల్లు కట్టేవాళ్ళు తమకోసం కట్టుకోరు. ఎప్పుడో ఒకనాడు వచ్చి ఆ ఇంటిని కొనబోయే మహానుభావుడి కోసం కడతారు. ఆయన పేరు తెలియదు, ఊరు తెలియదు, ఇంకా పుట్టాడో లేదో కూడా తెలియదు. ఆయనకు నచ్చే టైల్సు రంగు మాత్రం ఊరందరికీ తెలుసు. ఐవరీ.

అందుకే తిరుచానూరు రోడ్డులో పాలు పొంగించినా, కరకంబాడి రోడ్డులో పొంగించినా, కాళ్ళకింద అదే నాలుగుకు రెండు పాలిష్ టైలు. "ఎర్ర గచ్చు వేయించుకుందామా, ఎండాకాలం చల్లగా ఉంటుంది" అని ఎవరైనా నోరు జారారో, మేస్త్రీ నుంచి వియ్యంకుడి దాకా ఒకటే పాట: "రేపు అమ్మాలంటే రేటు రాదన్నా." ఈ మాట అనేవాళ్ళలో తాతల కాలం నుంచీ గజం స్థలం అమ్మినవాడు ఒక్కడూ ఉండడు.

మనమేమో రాళ్ళ సీమలో పుట్టినవాళ్ళం. కుప్పం గ్రీన్ గ్రానైటు ఓడలెక్కి విదేశాలకు పోతుంది. పక్క జిల్లాలోనే కడప బండ, ఇంకొంచెం పైకి పోతే బేతంచెర్ల బండ. చేతికందే దూరంలో దొరకడమే వీటి దోషం. గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీలో వచ్చిన టైలు మీద ఇటలీ పాలరాయి బొమ్మ అచ్చేసి ఉంటే, అదీ విలువంటే! రాళ్ళగుట్ట మీద కాపురముంటూ రాయి ఫొటో కొనుక్కోవడం ఎంత దూరదృష్టి ఉంటే సాధ్యం?

నిజం పాలరాయే వేయించే శ్రీమంతులూ ఉన్నారు. అది సున్నపు జాతి రాయి, పులుపంటే దానికి పగ. నిమ్మరసమో చింతపండు పులుసో పడి కాసేపుంటే మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. అందుకని ఆ ఇళ్ళలో పులిహోరను నిలబడి, సింకు మీదికి వంగి తింటారు. శ్రీవారి ప్రసాదమైనా సరే, ఆయనకు మినహాయింపు లేదు.

మహానుభావుడు వచ్చేదాకా ఇంట్లోవాళ్ళు కాపలాదార్లు. ఆదివారం పొద్దున ఇంటాయన రూపాయి బిళ్ళ పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంటాడు. డాక్టరు ఛాతీ తట్టినట్టు ఒక్కో టైలు మూలా తట్టి, చెవొగ్గి వింటాడు. 'టక్' అంటే కింద సిమెంటు నిండుగా పడినట్టు. 'డబ్' అంటే డొల్ల. ఆ టైలు మీద బీరువా జరిపితే పగులుతుంది గనక ఇంట్లో ఎవరూ దాన్ని తొక్కకూడదు. విట్రిఫైడ్ టైలు నీళ్ళను అర శాతం కూడా పీల్చదు. అవ్వ తడికాళ్ళతో నడిస్తే ఆ తడి ఎక్కడికీ పోదు, అవ్వే పోతుంది. ఆమె జారిపడిన చప్పుడు వినగానే అందరూ పరుగెత్తుకొచ్చి టైలుకు గీత పడలేదని ఊపిరి పీల్చుకుంటారు, తర్వాత ఆటో పిలుస్తారు.

గడప ముందూ అదే నునుపు. బియ్యప్పిండి ముగ్గు దానిమీద నిలవదు, గాలికి లేచి హాల్లోకొస్తుంది. కాబట్టి స్టిక్కరు ముగ్గు. సంక్రాంతికి గొబ్బెమ్మ పెడితే స్టిక్కరు పాడవుతుందని దానికింద దినపత్రిక పరుస్తారు, అదీ జిల్లా ఎడిషనే, మెయిను పేపరు ఇంకా చదవాలి కదా.

ప్రభుత్వానికి నాదొక విన్నపం. రేషను కార్డులో 'కొనబోయేవారు' అని ఇంకో వరుస చేర్చాలి. కుటుంబ పెద్ద ఆయనే అయినప్పుడు బియ్యం కోటాలో ఆయన వాటా ఎగ్గొట్టడం అన్యాయం.

చివరికి ఒకనాడు బ్రోకరును వెంటేసుకుని ఆ మహానుభావుడు రానే వస్తాడు. స్థలం ఎన్ని అంకణాలని మొదటి ప్రశ్న. (తిరుపతి అంకణం 36 చదరపు అడుగులు. నెల్లూరు లెక్కన 72 అనుకుని వచ్చినవాళ్ళ మొహాలు చూసి తీరాలి.) రోడ్డు ఎన్నడుగులు, ఈశాన్యం పెరిగిందా తగ్గిందా, పైకెక్కితే కొండ కనిపిస్తుందా అని వరుసగా అడుగుతాడు. అన్నీ గేటు బయటే, బూట్లు కూడా విప్పకుండా.

"లోపలికి రండి సార్, టైల్సు చూద్దురుగాని" అంటాడు ఇంటాయన. పొద్దున్నే రెండుసార్లు తుడిపించి ఉంటాడు పాపం.

"అవెందుకులే అన్నా, కొట్టేసి లాడ్జీ కట్టేదే కదా" అంటాడు మహానుభావుడు, సందు మొదలుకేసి చూస్తూ. "ఇందులోకి జేసీబీ పడుతుందా?"