చుక్కల సున్న మహిమ

తెలుగు వర్ణమాలకు అక్షరాలు 56 అని నమ్ముకొని ఇన్నాళ్లూ బతికాం. ఇప్పుడు 57వది పుట్టింది. పేరు చుక్కల సున్న. కన్నది కంప్యూటరు, పెంచుతున్నది మన తరగతి గది. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం వస్తోందంటే చాలు, కర్నూలు నుంచి కడప దాకా జెరాక్సు అంగళ్లలో ఈ అక్షరం కట్టలకు కట్టలు అచ్చవుతుంది.

దీని పుట్టుక వినదగ్గది. ఇంగ్లీషు పిల్లలకు ఒక ఆట ఉంది. మాటలోని అక్షరాలను చెదరగొట్టి ఇస్తారు, పిల్లలు సర్ది రాస్తారు. ఇంగ్లీషుకు అది చక్కగా కుదురుతుంది. అక్కడి అక్షరం తన తావులో తాను నిలబడుతుంది, పక్కవాని నెత్తినెక్కదు, కాళ్ల కింద దూరదు. ఆ ఆటకు మనవాళ్లు 'పదకేళి' అని నామకరణం చేసి, 'పుస్తకం' అనే మాటను ఇంగ్లీషు అక్షరాలు చెదరగొట్టే అదే కంప్యూటరు యంత్రంలో వేశారు. మన లెక్కకు అందులో ఉన్నవి మూడే అక్షరాలు: పు, స్త, కం. యంత్రానికి ఏడు ముక్కలు: ప, కొమ్ము, స, పొల్లు, త, క, సున్న. కొమ్ము ఒంటరిగా నిలబడలేదు కదా, యంత్రం జాలిపడి చుక్కలతో గుండ్రటి పీట ఒకటి గీసి దానికి ఆసరా ఇస్తుంది. అదే చుక్కల సున్న. పొల్లుకొక పీట, సున్నకొక పీట. 'స్త్రీ' అనే ఒకే ఒక్క అక్షరం లోపలికి పోయి ఆరు ముక్కలై బయటికొస్తుంది. స్త్రీ సాధికారత మీద వ్యాసరచన పోటీ ఆ మరుసటి గంటలోనే ఉంటుంది.

తరగతిలో ఏం జరుగుతుందో చూద్దాం. నలభై మంది పిల్లలు, నలభై కాగితాలు. ఐదో తరగతి పిల్ల లేచి, "సార్, ఈ చుక్కల సున్న ఏంది సార్?" అంటుంది. సారుకూ తెలియదు. తెలియదని ఒప్పుకునే సంప్రదాయం ఆ ఉద్యోగంలో లేదు. "అది ఖాళీ. నువ్వే పూరించాల," అంటాడు. పిల్ల బుద్ధిగా చుక్కలన్నీ కలుపుతుంది, వాకిట్లో ముగ్గేసినట్టు. పక్కపిల్లోడు ఆ గుండ్రానికి కండ్లూ మీసాలూ దిద్దుతాడు. వెనక బెంచీ మేధావి ఇది లెక్కల కాగితమని తేల్చుకొని లోపల 8 వేస్తాడు. పావుగంట గడిచేసరికి 'పుస్తకం' సరిగ్గా రాసినవాడు ఒకడు తేలుతాడు. వాడు ఆ కాగితం వైపే చూడలేదు, గోడ మీది ఫ్లెక్సీ చూసి దించాడు. ఇంతలో పైఅధికారి వచ్చి ఫొటో తీసుకుంటాడు. 'కృత్యాధార బోధన' అని కింద రాసి గ్రూపులో పెడితే బొటనవేళ్లు బారులు తీరతాయి.

కడప జిల్లా కలమళ్లలో క్రీ.శ. 575 నాటి రేనాటి చోళుల శాసనం దొరికింది, తెలుగు శాసనాల్లో అన్నిటికంటే పాతదని పేరు. ఆ రాతి మీద పోయిన అక్షరాలు కాలానికి పోయాయి. ఎవరూ పనిగట్టుకొని ఒత్తులు పీకలేదు.

ఇంతకీ ఈ ఆటకు తెలుగులో మందు లేదా అంటే ఉంది, కాకపోతే ఖర్చు లేనిది కాబట్టి దానికి మర్యాద లేదు. పాత పెళ్లిపత్రికల అట్టలు తెచ్చి రెండంగుళాల ముక్కలు కోయాలి. ముక్కకొక నిండు అక్షరం, గుణింతంతో, ఒత్తుతో సహా. గొర్రుకు విత్తనాలు పోసే 'జడ్డిగం' అయితే జ, డ్డి, గం. ఐదుగురికొక కట్ట, కట్టకు ఆరు మాటలు, ఎనిమిది నిమిషాలు. 'డ్డి' పక్కన 'డి' ముక్కను కూడా దొంగగా వేస్తే ఒత్తు తెలిసినవాడెవడో, ఊహించినవాడెవడో బయటపడుతుంది. తర్వాత ఉక్తలేఖనం, పది మాటలు చాలు. మాట ఒకసారి, దాంతో ఒక వాక్యం, మళ్లీ మాట. తప్పును పిల్లలే బోర్డు చూసి గీత గీసుకోవాలి, మాటంతా కాదు, తప్పిన అక్షరం కిందనే. దీర్ఘం తప్పితే మళ్లీ పలికిస్తే చాలు, చెవి సరిచేస్తుంది. 'ధ'కు 'ద' రాస్తే మాత్రం చెవి సాయం రాదు, ఎందుకంటే సారు రెండూ ఒకే తీరుగా పలికాడు. అది కంటితో నేర్వాల్సింది: చూసి, మూసి, చూడకుండా రాసి, మళ్లీ తెరిచి పోల్చుకోవాలి. రేపొకసారి, వారానికొకసారి అవే మాటలు అడగాలి.

మన దగ్గర అమల్లో ఉన్నది వేరు. తప్పుకు పదిసార్లు. 'జడ్డిగం' పదిసార్లు రాయమంటే పిల్లోడు మొదట 'జ'లన్నీ పైనుంచి కిందికి వేస్తాడు, తర్వాత 'డి'లన్నీ, ఆ తర్వాత 'గం'లన్నీ. గొర్రు తోలినట్టు మూడు సాళ్లు. మాట ఒక్కసారి కూడా రాయలేదు, ఒత్తు పదిసార్లు ఎగ్గొట్టాడు.

విజేతలకు సర్టిఫికెట్లూ ఉంటాయి. వాటి మీద 'ప్రధమ బహుమతి' అని, 'విద్యార్ధి పేరు' అని బంగారు రంగులో ఉంటుంది. 'అర్ధం' అంటే సగం. పాపం, నిజమే చెప్పారు.

వీటన్నిటికీ నవ్వి ఊరుకోవచ్చు. ఊరుకోలేనిది ఒకటుంది. 'బొమ్మ చూసి మాట రాయి' అని ఇస్తారు. బొమ్మలో గిన్నె నిండా బొరుగులు. పిల్ల 'బొరుగులు' అని రాస్తుంది. కొమ్ముల్లో గానీ ఒత్వంలో గానీ తప్పు లేదు. దాని మీద ఎర్ర గీత. జవాబు 'మరమరాలు' అట! 'బుడ్డలు' రాస్తే ఇంకో గీత, 'వేరుశనగ' రాయాలట. ఏ రోజున? గిడుగు రామమూర్తి పుట్టినరోజున. 1863లో పుట్టిన ఆ మనిషి జనం నోట్లోని భాష బడిలోకి రావాలని జీవితమంతా కొట్లాడితే, ఆయన పటానికి దండేసి, ఆ పటం కిందనే పిల్ల నోటి మాటను కొట్టేస్తారా? కడపలో కొలువు చేసిన బ్రౌన్ దొర 1852లో అచ్చేసిన నిఘంటువులో మన వాడుక మాటలకు చోటిచ్చాడు. ఎర్రముక్కపల్లెలో ఆయన పేరున గ్రంథాలయం కట్టుకున్నాం. సముద్రం అవతలి నుంచి వచ్చినవానికి పనికొచ్చిన మాట, మన సారు చేతిలోని అరపేజీ జవాబుల కాగితానికి పనికిరాదు! 'బొరుగులు' పక్కన 'మరమరాలు' రాయిస్తే పిల్లకు రెండు మాటలవుతాయి. కొట్టేస్తే ఒక్కటీ మిగలదు, పైగా తన ఇంట్లో అమ్మ మాట్లాడేదంతా తప్పేమోనని అనుమానం పుడుతుంది. పదజాలం పెంచడం అంటే ఇదేనా?

పోటీ ముగిసి ఇంటర్వెల్ గంట కొడతారు. కాగితాల కట్ట చంకలో పెట్టుకొని సారు గేటు బయట టిఫిన్ బండి దగ్గర నిలబడతాడు. ఉగ్గాని నోట్లో పెట్టుకొని మొహం చిట్లిస్తాడు.

"ఏమ్మా, బొరుగులు నీళ్లు పిండకుండానే తాలింపులో వేసినట్టుండావే?"