ఒత్తులో చుక్క

ఇకపై ఏ బడి పాఠ్యప్రణాళికను ఆ బడే తయారు చేసుకోవచ్చని సర్క్యులర్ వచ్చింది. మా భాషా ఉపాధ్యాయులం దాన్ని చాలా శ్రద్ధగా చదివాం. చేతిలో ఎర్రపెన్ను పట్టుకుని మరీ చదివాం.

మొదటి వాక్యంలోనే ‘విద్యార్ధి’ అని ఉంది. ఒత్తులో చుక్క లేదు!

ఆ రోజు సమావేశం పెట్టింది ‘మన పిల్లలు ఏం చదవాలి’ అన్నది తేల్చడానికి. కానీ చుక్క తేలకుండా పిల్లలెలా తేలతారు? “అర్ధం అంటే సగం కదండీ. అంటే వీడు సగం విద్యవాడనా వాళ్ల ఉద్దేశం?” అన్నారు పెద్ద మాస్టారు. “పిల్లల రాత చూస్తే సర్క్యులరే కరెక్టేమో మాస్టారూ” అంది కొత్తగా వచ్చిన మేడం. ఇంకేముంది, స్టాఫ్‌రూం రెండు వర్గాలైంది. నిఘంటువు తెప్పించారు. సంధి విడదీశారు, మళ్లీ కలిపారు. ‘అభ్యర్థి’ని సాక్షిగా పిలిచారు. బెల్లు కొట్టేసరికి ఏకగ్రీవ తీర్మానం: చుక్క ఉండాల్సిందే. పిల్లలు ఏం చదవాలన్నది వచ్చే సమావేశానికి వాయిదా.

మార్పు ఎదురైనప్పుడు టీచరు మనసు 0 నుంచి 6 దాకా ఏడు దశలు దాటుతుందని 1970లలో టెక్సస్ పరిశోధకులు లెక్క తేల్చారు. మొదట ‘నాకెందుకు’, తర్వాత ‘ఏంటది’, ‘నా గతేంటి’, ‘టైమేదీ’. పిల్లలకి ఏం ఒరుగుతుందన్న ఆలోచన 4వ దశలో గానీ రాదట. చుక్క దగ్గరే ఆగిపోయేవాళ్ల గురించి ఏమీ చెప్పలేదు పాపం.

నవ్వండి, పర్లేదు. కానీ ‘మీ ఇష్టం’ అన్న పెద్దమనిషి దానికోసం ఒక్క పీరియడన్నా వదిలాడా? పరీక్ష మార్చాడా? ఇన్నేళ్లూ పుస్తకం దాటి ఒక్క ముక్క చెబితే సంజాయిషీ అడిగి, ఇప్పుడు ఉన్నట్టుండి సొంతంగా ఆలోచించమంటే ఎక్కణ్ణుంచి వస్తుంది? టీచరు ఎదగందే పాఠ్యప్రణాళిక ఎదగదని బ్రిటన్ విద్యావేత్త లారెన్స్ స్టెన్‌హౌస్ 1975లోనే చెప్పాడు. మా ఎదుగుదలకి వీళ్లిచ్చింది ఒక పూట శిక్షణ. అందులో సగం ప్రొజెక్టరు రిపేరుకే పోయింది. పైగా మా ఇష్టం రాసి పంపడానికి పదిహేడు గళ్ల పట్టిక!

అలాగని మమ్మల్ని మాత్రం ఎందుకు వదలాలి? మేం చుక్క కోసం కొట్టుకుంటున్నంతసేపూ పక్క గదిలో ఒక పిల్ల ‘నాకు ఇష్టమైన ఋతువు’ వ్యాసాన్ని గైడులోంచి దించుకుంటూ కూర్చుంది. క్లాసు మొత్తానికి వసంత ఋతువే ఇష్టం. నిజంగా నీకేది ఇష్టమే అని ఆ పిల్లని ఒక్కరంటే ఒక్కరం అడగలేదు. దానికి ఏ సర్క్యులర్ కావాలి మనకి? సిగ్గుండాలి.

చివరికి మా ప్రణాళిక తయారైంది. పాత పుస్తకం విషయసూచికే. మూడో పాఠం ఐదో చోటికి, ఐదోది మూడో చోటికి వెళ్లాయి. ‘యూనిట్’ అన్నచోటల్లా ‘మాడ్యూల్’ అయింది. ‘విద్యార్థి’ అన్న మాట నలభై రెండుసార్లు వచ్చింది. అన్ని ఒత్తుల్లోనూ చుక్క ఉంది. ప్రూఫు చూసింది నేనే.