పరిశోధనలో సాక్ష్యం, కథలో పాత్ర: ఒడిశా సరిహద్దు తెలుగువారి రాతల గురించి

“ఒకప్పుడు ఇక్కడ అందరూ తెలుగే మాట్లాడేవారు.” బరంపురం నేతవీధుల్లోనో పర్లాకిమిడి బజారులోనో పెద్దవాళ్లను పాతరోజుల గురించి అడిగితే ఈ మాట రాకుండా ఉండదు. రాయగడ, కోరాపుట్ వైపూ అంతే. ఈ జిల్లాల నుంచి పరిశోధనకు చేరే విద్యార్థులు ఆ మాటను ఫోనులో రికార్డు చేసుకొచ్చి, సిద్ధాంత వ్యాసం మొదటి అధ్యాయంలో నిర్ధారణగా పెట్టేస్తారు. కథ రాసేటప్పుడు మాత్రం అదే మాట కింద జనాభా లెక్కలు అతికిస్తారు. రెండుచోట్లా దాని బలం పోతోంది.

పరిశోధన అంటే నిజం, సృజన అంటే కల్పన అని చెప్పి ఊరుకోవడం మనకు అలవాటైంది. ఈ విభజనతో రాసేవాడికి ఒరిగేదేమీ లేదు. ఊహ లేకుండా పరిశోధనలో ప్రశ్నే పుట్టదు. జీవితం తెలియకుండా కథ నిలబడదు. తేడా ఉన్నది పాఠకుడికి పడే పూచీలో. పరిశోధకుడు తాను వెళ్లిన దారంతా చూపించాలి, ఇంకొకరు అదే దారిన వెళ్లి సరిచూసుకునేలా ఉండాలి. కథకుడికి ఆ పూచీ లేదు. ఆ మాట అన్న మనిషి పక్కన పాఠకుణ్ణి కూర్చోబెట్టగలిగితే అతని పని అయినట్టే.

పై వాక్యం పరిశోధనలోకి రావాలంటే ముందు దాన్ని విప్పాలి. “ఒకప్పుడు” అంటే చెప్పినాయన చిన్నతనమా, వాళ్ల తాత చెప్పగా విన్నదా? “అందరూ” అంటే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లా, బేరసారాలకు వాడేవాళ్లా? జనాభా లెక్కల్లో మాతృభాష ఒక గడి, తెలిసిన ఇతర భాషలు వేరే గడి. ఇంట్లో ఒడియా, అంగట్లో తెలుగు మాట్లాడిన మనిషి మొదటి గడిలో తెలుగువాడిగా కనపడడు. వీధిలో పెరిగిన ముసలాయన చెవికి అతనూ తెలుగే. లెక్కలూ తప్పు కాదు, ముసలాయనా తప్పు చెప్పడం లేదు, కొలిచింది వేరు.

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు “ఇక్కడ” దగ్గర జరుగుతున్నాయి. 1931 లెక్కల్లోని గంజాం మద్రాసు రాజధానిలోని (బ్రిటిష్ కాలపు మద్రాసు ప్రెసిడెన్సీలోని) జిల్లా. చికాకోలు (ఇవాళ్టి శ్రీకాకుళం), టెక్కలి, సోంపేట అందులోనివే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఆ దక్షిణ భాగం మద్రాసులోనే ఉండిపోయి విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చింది. ఒడిశాకు వెళ్లిన గంజాం నుంచి కూడా 1992లో గజపతి జిల్లా విడిపోయింది. ఇవేవీ చూడకుండా 1931 గంజాం పట్టిక పక్కన 2011 గంజాం పట్టిక పెట్టి “తెలుగువారి శాతం ఇంత పడిపోయింది” అని రాస్తే, ఆ తగ్గుదలలో భాష వదిలేసినవాళ్ల వాటా ఎంతో, హద్దులు మారడం వల్ల వచ్చింది ఎంతో తేలదు. చేయాల్సింది ఓపికతో కూడిన పని. తాలూకా స్థాయికి దిగి, ఇవాళ్టి జిల్లాలో ఉన్న భాగాన్నే పాత పట్టికల నుంచి ఏరుకోవాలి. అంత లోతున భాష లెక్క దొరక్కపోతే పోలిక మానేసి, ఎందుకు మానేశామో రాయాలి. అలా మానేసిన చోటును లోపంగా చూసే పరీక్షకులు ఉంటే వాళ్లే మారాలి.

ఇంత పని చేశాక వాక్యం ఇలా తేలుతుంది (అంకెలు నమూనాకే): “అరవై ఏళ్లు దాటిన 12 మందితో మాట్లాడగా, 9 మంది తమ బాల్యంలో ఈ వీధిలో తెలుగే ఎక్కువగా వినపడేదన్నారు, ముగ్గురు రెండు భాషలూ సమానంగా ఉండేవన్నారు.” వినడానికి చప్పగా ఉంటుంది. కానీ ఆ ముగ్గురు ఎంత విలువైనవాళ్లో చూడండి. వాళ్లు వీధిలో ఏ చివర ఉండేవాళ్లు, ఏ బడికి వెళ్లారు అన్న ప్రశ్నలోంచే తర్వాతి అధ్యాయం పుడుతుంది. అధ్యాయం సాఫీగా చదివించాలని విద్యార్థి తీసేసేది సరిగ్గా వాళ్లనే. కథ నడిపే చేత్తో పరిశోధన రాస్తే జరిగే నష్టం ఇది.

రికార్డు చేసిన రోజే తేదీ, చోటు, మాట్లాడినవారి వయసు, అనుమతి రాసుకోవాలి. పక్కన ఇంకెవరు కూర్చున్నారో కూడా. ఒడియా బడిలో చదివిన కొడుకు ఎదురుగా ఉంటే తండ్రి జవాబు మారొచ్చు. గంటసేపటి మాటను వింటూ కాగితం మీద పెట్టడానికి నాలుగు గంటలకు తక్కువ పట్టదు. మధ్యలో దొర్లిన ఒడియా మాటలను తెలుగులోకి దిద్దారో, భాషా పరిశోధనకు పనికొచ్చేదే పోయినట్టు.

ఈ క్రమశిక్షణ ఈ నేలకు కొత్త కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి సవర గిరిజనుల నోటి నుంచే వాళ్ల భాష నేర్చుకున్నారు. ఆయన సవర భాషా గ్రంథం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. తెలుగులో వాడుక భాష కోసం పోరాడిందీ ఆయనే. రెండు పనుల్లోనూ ఉన్న పట్టు ఒకటే: మనుషులు నిజంగా ఏం పలుకుతున్నారో వినడం. అలాంటిది, ఇవాళ్టికీ సిద్ధాంత వ్యాసాలు “పేర్కొనదగియున్నది”, “అవగతమగుచున్నది” అంటూ నడుస్తుంటే బాధ కలుగుతుంది. ఆ భాష చాటున సాక్ష్యం లేని సంగతి కూడా దాక్కుంటుంది. “అనిపిస్తోంది”, “ఈ ఆధారం మేరకు చెప్పొచ్చు”, “తేలింది” అన్న మూడింటి మధ్య తేడా పాటిస్తే వాడుక భాషలోనే ఎంత కచ్చితంగానైనా రాయొచ్చు.

ఇక అదే రికార్డింగు కథకుడి చేతికి వస్తే? ముసలాయన అన్నమాటను అతను సరిదిద్దకూడదు. ఆ మాట ఎవరితో అన్నాడు, అప్పుడు చేతులు ఏం చేస్తున్నాయి అన్నవి కావాలి. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, తెగిన పడుగు పోగు ముడేస్తూ, “ఈ సాహి (వీధి) అంతా తెలుగేరా గుంటడా, ఒకప్పుడు” అంటాడు. మనవడు ఒడియాలో జవాబిస్తాడు. వివరణ అక్కర్లేదు, ఆ జవాబు వెనక మరో వాక్యం చేర్చినా చెడుతుంది.

కానీ కథకుడికీ కచ్చితత్వం తప్పదు. గుంట మగ్గానికి నేలచెమ్మ మేలు చేస్తుంది, గాలి పొడిబారే ఎండాకాలంలో పోగులు ఎక్కువ తెగుతాయి. వానాకాలం బాధ వేరు, గుంటలో నీరూరుతుంది. ఈ సంగతి తెలియకుండా ముసురులో పోగులు పటపటా తెగినట్టు రాస్తే నేతవీధి పాఠకుడు అక్కడే ఆగిపోతాడు. ఇదీ క్షేత్ర పరిశోధనే, ఆధారాల జాబితా చూపించనక్కర్లేదంతే.

పరిశోధన చేసి కథల్లోకి వచ్చినవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. “బావా, 1936 ఏప్రిల్ 1న మనం ఒడిశాలోకి వచ్చేశాం కదా!” అని పాత్ర చేత చెప్పిస్తారు. ఇద్దరికీ తెలిసిన సంగతిని ఏ బావమరిదీ అలా తేదీతో సహా చెప్పడు. ట్రంకుపెట్టెలో మద్రాసు కాలం నాటి భూమి దస్తావేజు ఒకటి కనపడితే చాలు.

పేర్ల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. సిద్ధాంత వ్యాసంలో వ్యక్తి పేరు బదులు సంకేతం వాడితే చాలావరకు రక్షణ దొరుకుతుంది. కథలో పేరు మార్చి వృత్తి, వీధి, కుంటినడక అలాగే ఉంచితే చిన్న ఊళ్లో అందరూ గుర్తుపడతారు. అనుమతి తీసుకున్నది పరిశోధనకైతే, కథ కోసం మళ్లీ అడగాలి.

చివరిగా రాతల దొంగతనం సంగతి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం సిద్ధాంత వ్యాసానికి ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపుంటే చర్య లేదు. 40 శాతం దాకా ఉంటే ఆరు నెలల్లోపు సవరించి ఇవ్వాలి, 60 దాకా అయితే ఏడాదిపాటు సవరించి ఇచ్చే వీలుండదు, ఆపైన రిజిస్ట్రేషనే రద్దు. మూలం చెప్పి ఉటంకించిన భాగాలు ఈ లెక్కలోకి రావు. రెండు భాషలు వచ్చిన మన ప్రాంతంలో ఈ లెక్కకు సులువుగా చిక్కని తప్పు ఒకటుంది. ఒడియా వ్యాసంలోని పేరాను తెలుగులోకి మార్చి సొంతమన్నట్టు పెట్టడం. సాఫ్ట్‌వేర్ పదాలను పోలుస్తుంది కాబట్టి ఒక్క శాతం కూడా చూపించకపోవచ్చు. అయినా అది దొంగతనమే. అలాంటి పేరా వాడాల్సి వస్తే రచయిత పేరు, సంవత్సరం, పుట సంఖ్య ఇవ్వాలి. కీలకమైన వాక్యాన్ని ఒడియా మూలంతో సహా చూపించాలి. కింద అనువాదం ఎవరిదో చెప్పాలి. మార్గదర్శకుడికి ఒడియా రాకపోతే, వచ్చిన ఇంకో అధ్యాపకుడి చేత ఆ భాగాలను మూలంతో పోల్చి చూపించాకే వ్యాసాన్ని ముందుకు పంపాలి.