త్రూఫో సినిమా అంటారు, రెనే సినిమా అంటారు... మరి రాసినాయన?

ఫ్రెంచి సినిమా గురించి మాట్లాడే మిత్రులతో నాకో పేచీ ఉంది. నోరు తెరిస్తే త్రూఫో, గొదార్, రివెత్, రెనే. సరే, అందరూ గొప్ప దర్శకులే, కాదన్నదెవరు? కానీ ఈ నలుగురికీ, పైగా ఇటలీ నుంచి వచ్చిన రొస్సెల్లీనికి కూడా స్క్రిప్టులు రాసిపెట్టిన మనిషి ఒకాయన ఉన్నాడు. జాఁ గ్రూవో. ఆ పేరు చెప్తే "ఎవరాయన?" అంటారు. ఒళ్ళు మండిపోతుంది.

ఆయన చేసిన పని చూడండి. రివెత్ తొలి సినిమా 'పారిస్ బిలాంగ్స్ టు అస్'. 1962లో త్రూఫోతో 'జూల్స్ అండ్ జిమ్'. మరుసటి ఏడే గొదార్‌తో యుద్ధాన్ని ఏకిపారేసిన 'లే కారబినియే'. 1966లో మళ్ళీ రివెత్‌తో 'ద నన్'. దాన్ని అక్కడి ప్రభుత్వమే నిషేధిస్తే పెద్ద రచ్చయింది, 1967లో గానీ థియేటర్లకు రాలేదు. 1980లో రెనే తీసిన 'మై అమెరికన్ అంకుల్' స్క్రిప్టుకి ఏకంగా ఆస్కార్ నామినేషన్. 1986లో షాంతాల్ అకెర్మాన్ ఒక షాపింగ్ మాల్‌లో పాటలతో నడిపిన 'గోల్డెన్ ఎయిటీస్' రచయితల్లోనూ ఈయన ఉన్నాడు. అరవై దాటిన మనిషి!

వీటన్నిటిలో నాకు ప్రాణం మాత్రం రొస్సెల్లీని 1966లో ఫ్రెంచి టీవీ కోసం తీసిన, ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ మీది సినిమా. అందులో ఒక సీనుంది. కుర్ర రాజు దర్జీని పిలిచి కొత్త ఫ్యాషన్ ఎలా ఉండాలో వివరంగా చెప్తాడు. రిబ్బన్లు, లేసులు, ఎంత ఖరీదైతే అంత మంచిది. ప్రభువులంతా ఆ బట్టల కోసం అప్పులపాలై, తిరుగుబాటు మాట మరిచిపోయి తన చుట్టూ తిరగాలి. యుద్ధం లేదు, ఆవేశపు ప్రసంగం లేదు. దర్జీకిచ్చే ఆర్డరులోనే రాజకీయమంతా అర్థమైపోతుంది. కెమెరా అక్కడ పెద్దగా చేసే పనేమీ లేదు. రాతలోనే ఉంది సత్తా.

"అన్ని రకాలూ రాశాడంటే సొంత శైలి లేదన్నమాటేగా" అని ఒక మిత్రుడు తేల్చేశాడు. చెవి పెట్టి వినలేదు కాబట్టి అలా అన్నాడు. 'జూల్స్ అండ్ జిమ్' మీద నుంచి ఒక కథకుడి గొంతు వినిపిస్తూనే ఉంటుంది. త్రూఫోకే రాసిన 'టూ ఇంగ్లిష్ గర్ల్స్'లోనూ అంతే. త్రూఫోయే తీసిన, రచయిత విక్టర్ హ్యూగో కూతురి కథలో ఆమె డైరీ, ఉత్తరాలు. రెనే 'మై అమెరికన్ అంకుల్'లో అయితే ఆఁరీ లాబొరీ అనే శాస్త్రవేత్తే వచ్చి మనుషులు ఎందుకిలా ప్రవర్తిస్తారో చెప్తుంటాడు. కాగితం మీది మాటని కాగితం మాటలాగే వినిపిస్తూ, పక్కనే బొమ్మని నడిపించడం ఈ సినిమాలన్నిటికీ ఉమ్మడి లక్షణం. దర్శకులూ కలిసే పనిచేశారు కాబట్టి మొత్తం గ్రూవో ఖాతాలో వెయ్యను. అలాగని అంతా దర్శకుడి ఖాతాలోనే వేస్తే ఊరుకోను.

త్రూఫోతోనే చేసిన 'ది వైల్డ్ చైల్డ్' (1970) సంగతి తీసుకోండి. అడవిలో దొరికిన పిల్లాడి మీద డాక్టర్ ఇటార్ 19వ శతాబ్దం మొదట్లో రాసింది రెండు నివేదికలు. సినిమాలో అవే ఆయన రోజువారీ రాసుకునే డైరీ అయ్యాయి. అందుకే ఆ సీను అంత బాధగా ఉంటుంది: పిల్లాడికి న్యాయం అన్యాయం తెలుసా అని పరీక్షించడానికి, పాఠం సరిగ్గా చేసినా కావాలని శిక్షిస్తాడు. పిల్లాడు తిరగబడి చెయ్యి కొరుకుతాడు. డాక్టరు ఆనందపడిపోతాడు!

అసలు తమాషా ఇంకోటుంది. 1954లో 'కాయే దు సినెమా' పత్రికలో ఒరాఁష్, బోస్ట్ అనే పేరున్న స్క్రిప్టు రచయితల్ని ఉతికి ఆరేసింది ఈ త్రూఫోయే. సినిమా దర్శకుడిదే అన్న వాదం అక్కణ్ణించే ఊపందుకుంది. మరి నవలల్నీ డైరీల్నీ సినిమా చెయ్యాల్సి వచ్చినప్పుడు ఆయన చాలాసార్లు ఎవరి తలుపు తట్టాడయ్యా అంటే, గ్రూవో తలుపే!

1970ల్లో త్రూఫో కోసమే రాసిన ఒక స్క్రిప్టు అలాగే పడి ఉండిపోయింది. అన్నాచెల్లెళ్ళ నిషిద్ధ ప్రేమ కథ. త్రూఫో తియ్యలేదు, 1984లో పోయాడు. చివరికి దర్శకురాలు వలేరీ దొంజెలీ దాన్ని తనదైన పద్ధతిలో మార్చుకుని తీసి 2015లో కాన్ చిత్రోత్సవం పోటీకి తెచ్చింది. ఆ జూన్‌లోనే గ్రూవో తొంభై ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. ఆ సినిమా ప్రస్తావన వస్తే మావాళ్ళు ఇప్పటికీ ఏమంటారో తెలుసా? "ఆ, త్రూఫో వదిలేసిన స్క్రిప్టు కదా!"