స్కోరు తగ్గిస్తే జబ్బు తగ్గదు

"ఆ నాలుగుని మూడు చెయ్యమ్మా. నాలుగు పెడితే సిస్టం ఇంకో మనిషిని అడుగుతుంది. ఇవ్వడానికి నా దగ్గర మనిషి లేదు."

నైట్ డ్యూటీ ఎక్కి గంట కూడా కాలేదు. ఫోన్‌లో సూపర్‌వైజర్ మేడమ్. ఆవిడ గొంతులో దబాయింపు లేదు, అలసట ఉంది. పేషెంట్ పేరు పక్కన నేను వేసిన నాలుగుని తీసేసి మూడు పెట్టాను. రెండు సెకన్ల పని. ఇది జరిగి చాలా ఏళ్లయింది కానీ ఆ రెండు సెకన్లు నన్ను వదల్లేదు. ఈ పోస్ట్ వాటి గురించే.

నర్సింగ్‌తో సంబంధం లేనివాళ్ల కోసం ముందు కొంచెం చెప్పాలి. ఒక పేషెంట్‌కి ఈ షిఫ్ట్‌లో నర్సు చెయ్యి ఎంత కావాలి, నర్సు కన్ను ఎంత కావాలి అనే లెక్కని అక్యుటీ అంటాం. చాలా చోట్ల ఒకటి నుంచి నాలుగు వరకో, ఐదు వరకో నంబర్లు ఉంటాయి. తనంతట తాను లేచి తిరుగుతూ రేపు ఇంటికి వెళ్లబోయే మనిషికి ఒకటి. గంట గంటకీ వైటల్స్ (బీపీ, పల్స్, శ్వాస లాంటివి) చూడాల్సిన, పక్కకి తిప్పాలన్నా ఇద్దరు పట్టాల్సిన మనిషికి నాలుగు. వార్డులో అందరి నంబర్లూ కలిపితే ఈ షిఫ్ట్‌కి ఎంతమంది నర్సులు కావాలో తేలాలి. అందుకే ఈ టూల్ పెట్టారు.

జబ్బు తీవ్రత వేరు, నర్సు మీద పడే పని వేరు. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు ఆఫీసు గదుల్లోనే కాదు, డాక్టర్లలో కూడా ఉన్నారు. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చిన న్యూస్ (NEWS) అనే స్కోరు ఉంది. శ్వాస, ఆక్సిజన్ సాచురేషన్, బీపీ, పల్స్, స్పృహ, టెంపరేచర్ చూసి మనిషి పరిస్థితి దిగజారుతోందా అని చెబుతుంది. చాలా మంచి పనిముట్టు. కానీ ఏళ్ల తరబడి మతిమరుపుతో ఉన్న ఒక పెద్దాయన్ని తీసుకోండి. బీపీ బాగుంది, పల్స్ బాగుంది, స్కోరు సున్నా. ఆ సున్నా స్కోరు మనిషే రాత్రంతా మంచం రెయిలింగ్ ఎక్కి దిగబోతాడు, డ్రిప్ పీకేస్తాడు. ఆయన దగ్గరే ఒక నర్సుకి సగం షిఫ్ట్ గడిచిపోతుంది. ఆ సగం షిఫ్ట్‌ని మిగతా బెడ్ల నుంచి తీసి ఇస్తున్నాం.

ఐసీయూ వాళ్లు ఈ సంగతి ఎప్పుడో గుర్తించారు. 2003లో వచ్చిన నర్సింగ్ యాక్టివిటీస్ స్కోరులో 100 అంటే ఒక నర్సు పూర్తి సమయం ఒక్క పేషెంట్‌కే పోతోందని అర్థం. ఆ నూరు దాటిన పేషెంట్లు కూడా ఉంటారు. నాకు దాంట్లో బాగా నచ్చింది ఏంటంటే, పేషెంట్ ఇంటివాళ్లతో మాట్లాడే సమయాన్ని కూడా పనిగా లెక్కలో వేశారు. బయట బెంచీ మీద ఏడుస్తున్న కూతురి దగ్గర పది నిమిషాలు కూర్చోవడం నర్సు పనే అని ఒక టూల్ ఒప్పుకోవడం మామూలు విషయం కాదు.

ఇక ఆ రాత్రి సంగతి. నాకు తొమ్మిది బెడ్లు. నాలుగో బెడ్‌లో ఒక పెద్దావిడ, పేగు ఆపరేషన్ అయ్యి మూడో రోజు. నాలుగు వేసి మూడుకి దించింది ఆవిడకే. ఏడో బెడ్‌లో నేను పైన చెప్పినలాంటి పెద్దాయన.

పదకొండింటికి ఆవిడ దగ్గరికి వెళ్లాను. శ్వాస నిమిషానికి 20. బీపీ పర్వాలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా, కాస్త జిగటగా తగిలింది. "ఎలా ఉందమ్మా?" అన్నాను. "ఏదోగా ఉంది తల్లీ, చెప్పలేకపోతున్నా" అంది. వార్డులో పదేళ్లు చేసిన నర్సు ఎవరినైనా అడగండి, పేషెంట్ నోట "ఏదోగా ఉంది" అన్న మాట వింటే ఒళ్లు జలదరిస్తుంది. అరగంటలో మళ్లీ రావాలి, యూరిన్ బ్యాగ్ చూడాలి, శ్వాస మళ్లీ లెక్కపెట్టాలి, అవసరమైతే డ్యూటీ డాక్టర్‌ని లేపాలి అనుకుంటూ బయటికొచ్చాను.

ఈలోపు ఏడో బెడ్ పెద్దాయన క్యాథెటర్, అంటే మూత్రం గొట్టం, లాగేసుకున్నాడు. లోపల దాన్ని పట్టి ఉంచే బెలూన్‌తో సహా వచ్చేసింది. దుప్పటి మీద, నేల మీద రక్తం. ఆయన్ని శాంతపరిచి, డాక్టర్‌కి చెప్పి, శుభ్రం చేసి, పక్క మార్చేసరికి పన్నెండున్నర. అప్పుడే ఎమర్జెన్సీ నుంచి కొత్త అడ్మిషన్ వచ్చింది. ఆ తర్వాత రెండో బెడ్‌కి యాంటీబయాటిక్. తొమ్మిదో బెడ్‌లో డ్రిప్ చెయ్యంతా వాపు తెచ్చింది, నరంలోకి మళ్లీ కాన్యులా (డ్రిప్ ఎక్కించే సన్న గొట్టం) వెయ్యాలి. నాలుగో బెడ్ నా తలలోనే ఉంది. కాళ్లు మాత్రం అటు వెళ్లలేదు.

వెళ్లేసరికి రెండు దాటింది. శ్వాస 32. యూరిన్ బ్యాగ్ అడుగున ముదురు రంగు నీళ్లు కొద్దిగా ఉన్నాయి, నేను పదకొండింటికి చూసిన గీత దాటలేదు. బీపీ పడిపోయింది. పేగు కుట్టిన చోట లీకయ్యి ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకింది. పరుగులు పెట్టి ఐసీయూకి మార్చాం. పందొమ్మిది రోజులు అక్కడే ఉంది. బతికింది.

తెల్లారి ఆవిడ కూతురు అడిగింది: "రాత్రి అమ్మని ఎవరైనా చూశారా సిస్టర్?" తిట్టలేదు, నిలదీయలేదు. "చూశానమ్మా" అన్నాను. అబద్ధం కాదు. పదకొండింటికి చూశాను.

నన్ను అంతకంటే పిండేసింది నెల తర్వాత జరిగిన రివ్యూ మీటింగ్. ఆ రాత్రి లెక్కలు బయటికి తీశారు. అక్యుటీ ప్రకారం వార్డుకి కావలసిన నర్సులు నలుగురు. డ్యూటీలో ఉన్నవాళ్లు నలుగురు. "స్టాఫింగ్ సరిపోయింది" అని రాసుకున్నారు. ఆ వాక్యాన్ని పుట్టించింది నేను వేసిన మూడు. నేను నాలుగు అలాగే ఉంచి ఉంటే ఆ రాత్రికి మనిషి వచ్చేవాళ్లు కాకపోవచ్చు. కానీ ఒక మనిషి తక్కువున్నారని కాగితం మీద ఉండేది. నేను స్కోరొక్కటే తగ్గించలేదు, ఆవిడ తరఫున ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని కూడా చెరిపేశాను.

అందుకే అక్యుటీ టూల్ కొన్నామని, సాఫ్ట్‌వేర్ పెట్టామని ఆసుపత్రులు చెప్పుకుంటుంటే నేను అడిగేది ఒక్కటే. స్కోరు పెరిగినప్పుడు మనిషి వస్తున్నారా, లేక మనిషి లేనప్పుడు స్కోరు తగ్గుతోందా? ముందే తెలిసిన జవాబు వచ్చేలా లెక్క చేస్తే అది లెక్క కాదు. థర్మామీటర్‌లో 103 చూపిస్తే, జ్వరం మందు స్టాక్ లేదు కాబట్టి 99 రాయమని ఎవరైనా అంటారా? అక్యుటీ విషయంలో రోజూ అంటున్నారు, మేమూ రాస్తున్నాం.

ఒక్క పేషెంట్ ఎక్కువైతే ఏమవుతుందిలే అనేవాళ్లకి: నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆసుపత్రుల్లో సర్జరీ పేషెంట్ల మీద చేసిన పరిశోధన 2002లో వచ్చింది. నర్సుకి ఒక్కో పేషెంట్ పెరిగినకొద్దీ, 30 రోజుల్లోపు పేషెంట్ చనిపోయే ప్రమాదం 7 శాతం పెరుగుతోందని తేలింది. కాంప్లికేషన్ వచ్చిన మనిషిని సమయానికి పట్టుకోలేక పోగొట్టుకునే ప్రమాదమూ అంతే పెరిగింది. మా నాలుగో బెడ్ ఈ రెండో లెక్కలోకి ఒక్క గంట తేడాతో వెళ్లకుండా తప్పించుకుంది. 2014లో తొమ్మిది యూరప్ దేశాల ఆసుపత్రుల్లో చూసినా మళ్లీ అదే 7 శాతం.

డబ్బు లేదు అంటారు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2016లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో కొన్నిటికి చట్టం పెట్టింది: పగలు నర్సుకి సగటున నలుగురు, రాత్రి ఏడుగురు పేషెంట్లు, అంతకు మించకూడదు. అలా పెట్టిన చోట్ల మరణాలు, ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గాయని, మిగతా చోట్ల పెరిగిన తిరిగి అడ్మిట్ అవ్వడాలు ఇక్కడ పెరగలేదని, అదనపు నర్సులకి పెట్టిన ఖర్చుకి రెండింతలకు పైగా మిగిలిందని 2021లో వచ్చిన అధ్యయనం చెప్పింది. పందొమ్మిది రోజుల ఐసీయూ ఖర్చు ముందు ఒక నర్సు ఒక రాత్రి జీతం ఎంత?

రేషియో (నర్సుకి ఇంతమందే పేషెంట్లు అనే లెక్క) కావాలా, అక్యుటీ కావాలా అని మాలో మేమే కొట్టుకోవడం కూడా నాకు నచ్చదు. కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలు చేసింది. ఐసీయూలో నర్సుకి ఇద్దరు, మెడికల్ సర్జికల్ వార్డులో ఇప్పుడు ఐదుగురు. ఆ సంఖ్య గరిష్ఠం మాత్రమే. పేషెంట్ల పరిస్థితిని బట్టి ఇంకా మనుషులు కావాలంటే ఇవ్వాలని అక్కడి నిబంధనలే చెబుతాయి. అంటే రెండూ ఉండాలి. రేషియో లేని అక్యుటీ టూల్‌ని ఎటు కావాలంటే అటు వంచుతారు. అక్యుటీ లేని రేషియోలో ఐదుగురూ సిక్ పేషెంట్లే అయినా ఐదుగురే కదా అంటారు.

ఇక అడ్వొకేట్ అన్న మాట. పేషెంట్ తరఫున మాట్లాడటం నర్సు ధర్మమని మొదటి సంవత్సరం క్లాసులోనే చెప్పారు, పరీక్షలో రాశాం, మార్కులు వచ్చాయి. వార్డులోకి వచ్చాక "ఇంతమందిని నేను సేఫ్‌గా చూడలేను మేడమ్" అంటే ఆ అమ్మాయికి యాటిట్యూడ్ ఎక్కువ, పని తప్పించుకుంటోంది, టీమ్‌తో కలవదు. డాక్టర్ డోసు తప్పు రాస్తే ఎత్తిచూపడాన్ని అడ్వొకసీ అంటారు. మనుషులు చాలరని చెప్పడం మాత్రం కంప్లయింట్ అవుతుంది. రెండిటి వల్లా ప్రమాదం పేషెంట్‌కే కదా? భయపడటానికి కారణాలు లేకపోలేదు. టెక్సాస్‌లో ఇద్దరు నర్సులు ఒక డాక్టర్ వైద్యం సురక్షితంగా లేదని మెడికల్ బోర్డుకి రాస్తే, ఉద్యోగాలు పోవడమే కాదు, క్రిమినల్ కేసు పెట్టారు. ఒకావిడ మీద కేసు విచారణకి ముందే ఎత్తేశారు, రెండో ఆవిడ నిర్దోషి అని 2010లో జ్యూరీ గంటలోపే తేల్చింది, కానీ అప్పటికి వాళ్లు పడాల్సిందంతా పడ్డారు. అదే రాష్ట్రంలో సేఫ్ హార్బర్ అనే పద్ధతి కూడా ఉంది. ఈ అసైన్‌మెంట్ పేషెంట్‌కి ప్రమాదమని నర్సు నిజాయితీగా రాసిస్తే ఆమె లైసెన్స్‌కీ ఉద్యోగానికీ రక్షణ ఉంటుంది. అలాంటి ఒక్క కాగితం ఆ రాత్రి నా చేతిలో ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఫోన్ చేసిన సూపర్‌వైజర్ మేడమ్ మీద నాకు కోపం లేదు. ఆవిడ పైన ఇంకొకరున్నారు, వాళ్ల ముందు ఒక బడ్జెట్ ఉంది. నా కోపమంతా సెలవులు, జీతాలు, ఓవర్‌టైమ్ చూసి మనుషుల్ని ముందే ఖాయం చేసి, ఆ తర్వాత పేషెంట్ల నంబర్లని దానికి సరిపెట్టే పద్ధతి మీద. స్కోరు వేసింది నర్సు అయినప్పుడు, దాన్ని మార్చే హక్కు మంచం పక్కకొచ్చి పేషెంట్‌ని చూడని మనిషికి ఉండకూడదు. మారిస్తే ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో రికార్డులో ఉండాలి. ఇంత చిన్న నియమం పెట్టడానికి ఏ చట్టమూ అక్కర్లేదు.

నేను ఇప్పుడు ఉన్నది ఉన్నట్టే వేస్తున్నాను. మొన్న నైట్‌లో నాలుగు వేశాను, అనుకున్నట్టే ఫోన్ వచ్చింది. "మీరొచ్చి పేషెంట్‌ని చూడండి మేడమ్, చూశాక మూడంటే మీ పేరుతో మార్చండి" అన్నాను. ఆవిడ మార్చలేదు. అరగంటలో పక్క వార్డు నుంచి ఒక జూనియర్ అమ్మాయిని పంపారు. తెల్లవారుజాము దాకా నా పక్కనే నిలబడి చేసింది. వెళ్లేముందు అడిగాను, నువ్విటొచ్చేస్తే మీ వార్డులో స్కోరు ఎంత పెట్టారని.

"మూడే వెయ్యమన్నారక్కా" అంది.